సింగపూరు చైనీయుల దైనందిన జీవితం – బ్రిటిష్ పాలన

సింగపూరులో బ్రిటిష్ అధికారం 1819లో మొదలైనా, కొద్ది దశాబ్దాలలోనే ఆ రేవు జనాభాలో అధికసంఖ్యాకులైన చైనీయుల మాట నేరుగా అర్థమయ్యే ఆంగ్లేయ అధికారి ప్రభుత్వ కొలువులో చేరేసరికి 1872 వచ్చింది. ఈ అర్ధశతాబ్దపు ఎడాన్ని గమనించకపోతే, చైనీయుల పెళ్లిళ్లు, అప్పులు, శ్మశానాల జోలికి ఆ ప్రభుత్వం తర్వాతి కాలంలో అంతగా ఎందుకు వెళ్లవలసి వచ్చిందో బోధపడదు.

ఇక్కడి బ్రిటిష్ స్థావరాన్ని నెలకొల్పిన స్టాంఫర్డ్ రాఫిల్స్ 1822లో పట్టణాన్ని జాతుల వారీగా పేటలుగా విభజించి, నదికి నైరుతి దిక్కున ఉన్న భూమిని చైనీయులకు కేటాయించాడు. ఒకరి మాట ఒకరికి సులభంగా తెలియని హొక్కియన్, తియోచ్యూ, కాంటనీస్ వర్గాలవారు అక్కడ వేర్వేరు వీధులలో స్థిరపడ్డారు. వారి తగవులు తీర్చడానికి తొలిరోజులలో ‘కాపితాన్’ అనే కులపెద్ద వంటివాడిపై ఆధారపడినా, 1826 నాటి న్యాయ సనదుతో ఇంగ్లీషు చట్టం అమలులోకి రావడంతో ఆ పద్ధతికి చోటు లేకపోయింది. కోర్టు భాష ప్రజలకు తెలియదు, ప్రజల భాష కోర్టుకు తెలియదు. కనుక పని ఇప్పించడం, పూచీ నిలవడం, పోయినవారికి అంత్యక్రియలు జరపడం వంటి బాధ్యతలన్నీ గీ హిన్ వంటి రహస్య సంఘాల చేతికి చిక్కాయి. ప్రభుత్వానికి దీనివల్ల కలిగిన ఇబ్బంది తక్కువే, ఎందుకంటే దాని రాబడిలో చాలా ఏళ్లపాటు దాదాపు సగం నల్లమందు గుత్తనుంచే వచ్చేది, ఆ గుత్తదారులూ చైనీయ వర్తకులే. అయితే 1854లో హొక్కియన్, తియోచ్యూ వర్గాల మధ్య పది రోజులకు పైగా సాగి వందలమందిని బలిగొన్న అల్లర్లు ఈ ఏర్పాటుకు చెల్లించవలసిన మూల్యాన్ని చూపాయి.

కలకత్తా నుంచి సాగుతున్న పాలన 1867లో నేరుగా లండన్ కిందికి మారింది. 1869లో సంఘాల నమోదుకు చట్టం చేశారు గాని, నమోదు పుస్తకంలోని పేర్ల వెనుక ఎవరున్నారో చెప్పగలవాడు కొలువులో లేడు. తైవాన్‌లో పనిచేసి అనేక చైనీయ మాండలికాలు నేర్చిన విలియం పికరింగ్ 1872లో దుబాసీగా వచ్చి ఆ లోటు తీర్చాడు. కూలీల దుస్థితిపై విచారణ జరిగిన దరిమిలా, 1877లో ‘చైనీయుల సంరక్షకుడు’ అనే పదవిని సృష్టించి అతడికే ఇచ్చారు. ఓడ ఖర్చు దళారి భరించగా అప్పుతో దిగే కొత్త కూలీని ‘సిన్‌కే’ అనేవారు. ఆ అప్పును ఎవరో ఒక యజమాని తీర్చేదాకా అతడు దళారి నిర్బంధంలో ఉండేవాడు. ఇకమీదట అధికారులు ఓడ ఎక్కి ప్రశ్నించి, ఖర్చు చెల్లించుకున్నవారిని వదిలి, మిగిలినవారి పని ఒప్పందాలను వారి భాషలో వివరించి నమోదు చేయసాగారు. మద్రాసు రేవునుంచి వలసపోయే కూలీలకు కూడా ఇటువంటి సంరక్షకాధికారి ఉండేవాడన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

ఒక చైనీయ దుకాణపు ఇంట్లో మొదలైన సింగపూరు సంరక్షకుడి కార్యాలయాన్ని జనం ‘పికిలింగ్’ అని పిలిచారు. పికరింగ్ వెళ్లిపోయాక కూడా ఆ పేరు పోలేదు. జీతం బాకీలు, ఆలుమగల తగాదాలు, చిల్లర అప్పులు అక్కడికే చేరేవి. ఖర్చులేని తీర్పు కోసం వచ్చిన ప్రతి ఫిర్యాదీ ప్రభుత్వానికి ఒక సమాచారదాత కూడా అయ్యాడు. రక్షణ, నిఘా ఒకే బల్ల మీద సాగిన పనులు. చైనా రాజప్రభుత్వం అదే 1877లో వర్తకుడు హూ ఆ కేను సింగపూరులో తన కాన్సల్‌గా నియమించడంతో, చైనీయులకు దిక్కెవరన్న విషయం రెండు రాజ్యాల మధ్య పోటీగా కూడా మారింది.

స్త్రీల విషయంలో ఈ కార్యాలయపు పాత్ర మరీ సంక్లిష్టమైనది. వ్యభిచార గృహాలను నమోదు చేసినదీ, వాటికి అమ్ముడుపోయిన బాలికలను విడిపించి, చైనీయ ప్రముఖుల సహాయంతో నడిచే పో లియుంగ్ కుక్ అనే ఆశ్రమంలో చేర్చినదీ అదే. ఆ ఆశ్రమంలోని యువతిని పెళ్లాడదలచినవాడి పూర్వాపరాలను కూడా విచారించేవారు.

1887లో రహస్య సంఘంతో సంబంధమున్న ఒక వడ్రంగి విసిరిన గొడ్డలి దెబ్బకు పికరింగ్ తీవ్రంగా గాయపడ్డాడు. రహస్య సంఘాలను నిషేధించే చట్టం 1889లో వచ్చి మరుసటి ఏడు అమలైంది. సంఘాలు పోతే ప్రజలతో మాట్లాడే వాహిక ఏదని ఆలోచించి, 1889లోనే మాండలిక వర్గాల పెద్దలతో చైనీయ సలహా మండలిని ఏర్పరచారు. అరవై ఏళ్ల కింద వదిలేసిన కాపితాన్‌ను ఈసారి బృందంగా మార్చి వెనక్కి తెచ్చుకున్నారనడం తప్పుకాదు.

పురపాలక సంఘానికి ఇంత ఓపిక లేదు. దుకాణాల ముందు ‘ఐదడుగుల దారి’ అనే కప్పు వేసిన నడవను ఖాళీ చేయించబోతే, సరుకులు పరిచే హక్కు తమదేనన్న వర్తకులు 1888లో దుకాణాలు మూశారు, పట్టణంలో అల్లర్లు చెలరేగాయి. చివరకు మనిషి నడిచే జాగా వదిలితే చాలన్న రాజీ కుదిరింది. ఖననభూముల నియంత్రణ బిల్లునూ చైనీయులు గట్టిగా ఎదిరించారు. 1922లో తెరచిన బుకిట్ బ్రౌన్ పురపాలక శ్మశానంలో స్థలాలు మరీ ఇరుకని జనం మొగ్గు చూపకపోవడంతో వాటి కొలతలు మార్చవలసి వచ్చింది.

కోర్టులలో చిక్కుముడి వేరు. మరణించిన ఒక సంపన్నుడికి భార్యలమంటూ ఆరుగురు స్త్రీలు హక్కు కోరిన దావాలో, 1908 తీర్పు చైనీయుల బహుభార్యత్వాన్ని గుర్తించి, ఇంగ్లీషు వారసత్వ చట్టం భార్యకిచ్చే వాటాను హక్కు రుజువైన స్త్రీలందరికీ సమంగా పంచింది. పెద్దభార్యకూ ఉపభార్యకూ భేదం పాటించే చైనీయ ఆచారానికి గాని, ఒకే భార్యను ఎరిగిన ఇంగ్లీషు ధర్మానికి గాని ఈ పంపకం సరిపడదు. అయినా వలసపాలన ముగిసేదాకా న్యాయస్థానాలు ఆ దారినే నడిచాయి. స్వయంపాలన వచ్చాక, 1961లో స్త్రీల హక్కుల చట్టం ముస్లిమేతరులలో బహుభార్యత్వాన్ని రద్దుచేసింది. అంతకుముందు ఆచారం ప్రకారం జరిగిన వివాహాలు మాత్రం చెల్లుబాటులోనే మిగిలాయి.