చాటు నివేదికలు: శాలిబండ దఫ్తర్ల కాలం నుంచి కంపెనీ పోర్టళ్ల దాకా

చార్మినార్ నుంచి దక్షిణంగా ఫలక్‌నుమా వైపు సాగే దారిలో, శాలిబండ దగ్గర, రాజా రాయ్ రాయన్ వంశీకుల దేవిడీకి చెందిన గడియార స్తంభం 1904 నుంచి నిలిచి ఉంది. దేవిడీ అంటే ప్రభువులూ ఉన్నతోద్యోగులూ నివసించిన ప్రాకార గృహం. తెలుగు సహా నాలుగు లిపుల అంకెలతో నాలుగు దిక్కులా కనిపించే ఆ గడియారం గురించి తరచుగా రాస్తారు గాని, దాన్ని కట్టించిన వంశం అసఫ్‌జాహీ రాజ్యంలో నిర్వహించిన పని గురించి రాసేది తక్కువ. రాయ్ రాయన్ వంశం వంశపారంపర్యంగా ‘దఫ్తరె దివానీ’కి, అంటే రాజ్యపు ఆదాయ వ్యయాల, జాగీర్ల, సనదుల రికార్డు కార్యాలయానికి అధిపతిగా ఉండేది. మాల్‌వాలా వంశం అటువంటిదే అయిన ‘దఫ్తరె మాల్’ను చూసేది. కింద జరిగే అక్రమం పైవారి చెవికి ఎలా చేరుతుందో, చేరిన కాగితం ఎవరి అధీనంలో ఉంటుందో తెలుసుకోవడానికి ఈ దఫ్తర్ల చరిత్ర మంచి ఆధారం. ఉద్యోగులు తమ సంస్థలోని మోసాన్ని గుట్టుగా తెలపడానికి ఇప్పుడు కంపెనీలు కొనిపెడుతున్న ఫిర్యాదు సాఫ్ట్‌వేర్లలో కనిపించే లోపాలలో ముఖ్యమైనవి సాంకేతికతతో పుట్టినవి కావు. ఆ దఫ్తర్ల నాటికే, అంతకు ముందు నాటికే, దక్కనులో వేళ్లూనుకున్నవి.

మొఘలు పాలనలో ప్రతి సుబాలోనూ, అంటే రాష్ట్రంలోనూ, ‘వాకియానవీసు’ అనే అధికారి ఉండేవాడు. అక్కడి పాలకుడైన సుబేదారు ఏం చేశాడో, ఎవరిని శిక్షించాడో, ఎంత వసూలు చేశాడో రాసి దర్బారుకు పంపడం అతని విధి. అతని ఉద్యోగం బహిరంగమైనది కనుక, ఎవరి మీద రాయాలో వారే అతనికి రోజూ ఎదురుపడేవారు. 17వ శతాబ్దంలో మొఘలు దర్బారును దగ్గరగా చూసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్, ఈ వార్తా లేఖకులు సుబేదార్లతో కుమ్మక్కు కావడం మామూలైపోయిందనీ, అందువల్ల వారి ఉనికి ప్రజాపీడనను పెద్దగా ఆపలేకపోయిందనీ రాశాడు. ఈ జబ్బుకు దర్బారు వేసిన మందు మరింత గుట్టు: రహస్యంగా రాసే ‘ఖుఫియానవీసు’ను, మరో దారిలో వార్తలు పంపే ‘సవానిహ్‌నిగారు’ను, నోటి కబురూ రాత కబురూ మోసే హర్కారాలను ఒకరి మీద ఒకరిని కాపలాగా నియమించింది. అయితే సవానిహ్‌నిగార్లకు కొంతకాలానికి తపాలా పర్యవేక్షణ కూడా అప్పగించడంతో, చాటున ఉండవలసినవారు ఊరందరికీ తెలిసిన ఉద్యోగులైపోయారు. రాసేవాడిని ఎంత దాచినా ఆ రాత చదివి చర్య తీసుకునేవాడు స్వతంత్రుడు కాకపోతే ఫలితం ఉండదన్న సంగతి అప్పటికే రుజువైంది గాని, దాన్ని పాఠంగా తీసుకున్నట్టు కనిపించదు.

1687లో గోల్కొండ పతనంతో ఈ ఏర్పాటు హైదరాబాదు సుబాకూ వచ్చింది. అంతకు ముందు కుతుబ్‌షాహీల కాలంలో లెక్కల కాగితాల బలం ఎంతటిదో మాదన్న జీవితం చూపుతుంది. మీర్ జుమ్లా సయ్యద్ ముజఫర్ వద్ద లేఖకుడిగా ఉన్న మాదన్న, అబుల్ హసన్ కుతుబ్‌షా ఏలుబడిలో ఆ యజమానినే పక్కకు నెట్టి ప్రధానమంత్రి కాగలిగాడంటే, జమాఖర్చుల గుట్టు తెలిసి ఉండడం అందుకు ఎంతో తోడ్పడి ఉండాలి. 1686లో మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న ఇద్దరూ హత్యకు గురయ్యారు. శాలిబండకు ఆనుకుని ఉన్న హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం వారి పేరును నేటికీ నిలుపుతోంది.

1724లో అసఫ్‌జాహీ వంశ స్థాపకుడు నిజాముల్‌ముల్క్ స్వతంత్రుడైన తరువాత మొఘలు కార్యాలయాల పద్ధతి ఇంచుమించు అలాగే కొనసాగింది. శిస్తు వసూలును గుత్తకు తీసుకున్న తాలూకాదారు రైతు నుంచి ఎంత గుంజాడో, ఖజానాకు ఎంత కట్టాడో తేల్చవలసివస్తే దఫ్తర్దార్ల కాగితాలే శరణ్యం. ఆ కాగితాలు సర్కారువే అయినా దఫ్తర్దార్ల వంశాల అధీనంలో, దాదాపు వారి సొంత ఆస్తిలా ఉండేవి. తాలూకాదారు మీద అర్జీ పెట్టుకున్న గ్రామస్థుడికి న్యాయం జరగాలంటే, తాలూకాదార్లతో నిత్యం లావాదేవీలు నడిపే ఇంటి నుంచే సాక్ష్యం బయటికి రావాలి. 1853లో దివాను, అంటే ప్రధానమంత్రి, పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ ఈ చిక్కును బాగా ఎరిగినవాడు. వసూళ్ల గుత్తలను తగ్గించి, జీతాల మీద పనిచేసే అధికారులను నియమించి, దఫ్తర్దార్ల వద్ద ఉన్న పత్రాలను సర్కారు వశం చేయించాడు. 1865 నాటి జిలాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించిన ఏర్పాటు, ఎక్కువగా ప్రశంస పొందిన సంస్కరణ. కాని కాగితాన్ని ఆరోపణకు గురయ్యేవారి చేరువ నుంచి తప్పించడం అంతకన్నా మౌలికమైన పని. ఆ దఫ్తర్ల పత్రాలు నేడు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి.

సంతకం లేని రాతకు మరో ముఖం కూడా ఉంది. 1892 ఏప్రిల్‌లో హైదరాబాదులో రచయిత పేరు లేకుండా ఒక ఇంగ్లీషు కరపత్రం వెలువడి, నిజాం ప్రభుత్వ హోం కార్యదర్శి మెహదీ హసన్ భార్య శీలం మీద నిందలు వేసింది. దాన్ని అచ్చు వేశాడన్న ఆరోపణతో ఎస్.ఎం. మిత్ర అనే వ్యక్తి మీద మెహదీ హసన్ రెసిడెన్సీ కోర్టులో కేసు వేయగా, నెలల తరబడి సాగిన విచారణ 1893లో మిత్ర నిర్దోషిగా విడుదల కావడంతో ముగిసింది. రాసింది ఎవరో తేలలేదు. ఉద్యోగం పోగొట్టుకున్నది మాత్రం మెహదీ హసన్. తెలుగునాట ఆకాశరామన్న ఉత్తరాలంటే అధికారులకు ఉన్న చులకన ఇలాంటి అనుభవాల వల్లనే బలపడింది. పేరు లేని ఫిర్యాదును చదవకుండా చించేయడం ఎంత తప్పో, పరిశీలించకుండా నమ్మడమూ అంతే తప్పు.

సరిగ్గా ఆకాశరామన్న ఉత్తరమే అయిన ఒక ఈమెయిల్ హైదరాబాదు కంపెనీల చరిత్రను మలుపు తిప్పగలిగి ఉండేది. సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు రామలింగరాజు రాసిన లేఖే అందరికీ గుర్తుంది. అంతకు దాదాపు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 18న, లోపలి విషయాలు తెలిసినవారెవరో మారుపేరుతో ఒక స్వతంత్ర డైరెక్టరుకు మెయిల్ పంపారు. స్వతంత్ర డైరెక్టరు అంటే యాజమాన్యంతో ఆర్థిక సంబంధం లేకుండా వాటాదారుల తరఫున బోర్డులో కూర్చునే వ్యక్తి. కంపెనీ చేతిలో నగదు నిల్వలు లేవనీ, కావాలంటే బ్యాంకులను అడిగి చూసుకోవచ్చనీ అందులోని సారాంశం. ఆ మెయిల్ అక్కడి నుంచి ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి చేరింది. ఏళ్ల తరబడి ఆ లెక్కలకు ఆమోదముద్ర వేసిన ఆడిట్ సంస్థకూ చేరింది. డిసెంబరు 29న జరగవలసిన బోర్డు సమావేశం జనవరి 10కి వాయిదా పడింది. ఆ తేదీ రాకముందే రామలింగరాజు తన లేఖలో, చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఒప్పుకున్నాడు. బ్యాంకులను సూటిగా అడిగితే తేలిపోయే విషయాన్ని, లెక్కలు చూసినవారినే మళ్లీ అడగడంలో వాకియానవీసు నివేదికను సుబేదారు ఇంటికి పంపిన పాత పోకడే కనిపిస్తుంది. 2008 సెప్టెంబరులోనే సత్యం కంప్యూటర్స్‌కు మంచి పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. స్టాక్ ఎక్స్ఛేంజీల లిస్టింగ్ ఒప్పందపు 49వ క్లాజులో ఫిర్యాదు విధానం అప్పటికే ఉన్నా, దాన్ని పాటించడం కంపెనీల ఇష్టానికి వదిలేశారు.

సత్యం అనుభవం తరువాత 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ద్వారా లిస్టెడ్ కంపెనీలకు, మరికొన్ని తరగతుల కంపెనీలకు ‘విజిల్ మెకానిజం’ను, అంటే అక్రమాలను తెలపడానికి ఒక నిర్దిష్ట మార్గాన్ని, తప్పనిసరి చేశారు. అమెరికాలో 2002 నాటి సర్బేన్స్-ఆక్స్లీ చట్టం ఆడిట్ కమిటీలు అజ్ఞాత ఫిర్యాదులను స్వీకరించాలని ఆదేశించడంతో అప్పటికే హాట్‌లైన్ల వ్యాపారం పెరిగి, వెబ్ ఫారాలుగా, తరువాత కేసుల నిర్వహణ సాఫ్ట్‌వేర్లుగా మారింది. హైటెక్ సిటీ కంపెనీలు నేడు వాడుతున్నవి ఎక్కువగా ఆ కోవకు చెందినవే. ప్రభుత్వోద్యోగుల విషయంలో చట్టం ఇంకా వెనుకబడి ఉంది: జాతీయ రహదారుల పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. ప్రజావేగుల రక్షణ చట్టానికి 2014లో రాష్ట్రపతి ఆమోదం లభించినా, దాన్ని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ ఏళ్లు గడిచినా వెలువడలేదు. పైగా పేరు చెప్పని ఫిర్యాదు మీద చర్య తీసుకోరాదన్న నిబంధన ఆ చట్టంలోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూస్తే పాత లోపం కొత్త రూపంలో దొరుకుతుంది. ఉద్యోగి ఆఫీసు కంప్యూటరులో ఇంట్రానెట్ తెరిచి, కంపెనీ ఇచ్చిన లాగిన్‌తోనే ఫిర్యాదు పేజీకి వెళ్లవలసివస్తే, పేరు అడగని ఫారం కూడా అజ్ఞాతం కాదు. ఏ యంత్రం నుంచి ఎన్ని గంటలకు ఆ పేజీ తెరిచారో నెట్‌వర్క్ లాగ్‌లో నమోదవుతుంది. జతపరచిన పత్రంలోనే దాన్ని తయారు చేసినవారి పేరు ఉండవచ్చు. ఆరుగురే పనిచేసే విభాగంలో ముగ్గురికే తెలిసిన బిల్లు గురించి రాస్తే, ఏ గుప్తలిపీ రాసినవారిని దాచలేదు. ఫారాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉండటం మరొక అన్యాయం: శాలిబండ చుట్టుపక్కల నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లే సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ పనివారు దొంగ బిల్లులనూ జీతాల కోతలనూ ముందుగా పసిగట్టగల స్థానంలో ఉన్నా, తెలుగులోనో ఉర్దూలోనో నోటితో చెప్పుకునే దారి లేకపోతే వారు నోరు విప్పరు. వారిలో చాలామంది కాంట్రాక్టరు మనుషులు కనుక లాగిన్ కూడా ఉండదు.

వీటన్నిటికన్నా పెద్ద లోపం అడ్మిన్ హక్కులది, అంటే వచ్చిన ఫిర్యాదును ఎవరు తెరవగలరు, ఎవరు మూసేయగలరు అన్న ఏర్పాటుది. హెచ్‌ఆర్ అధిపతి మీద వచ్చిన ఫిర్యాదు హెచ్‌ఆర్ పెట్టెలోనే పడేలా అమర్చిన పోర్టల్, దఫ్తర్దారు ఇంట్లో ఉన్న తాలూకాదారు లెక్క లాంటిదే. 2016లో బ్రిటన్‌కు చెందిన బార్‌క్లేస్ బ్యాంకు ముఖ్య కార్యనిర్వహణాధికారి జెస్ స్టేలీ ఒక అజ్ఞాత లేఖ రాసినవారెవరో కనిపెట్టడానికి బ్యాంకు భద్రతా విభాగాన్నే ఉపయోగించి, 2018లో అక్కడి నియంత్రణ సంస్థల నుంచి 6,42,430 పౌండ్ల జరిమానాకు గురయ్యాడు. అంత పెద్ద బ్యాంకులోనే ఇలా జరిగినప్పుడు, యజమానీ డైరెక్టర్లూ ఒకే కుటుంబం అయిన సంస్థలో ఫిర్యాదుదారుకు భయం ఉండటం సహజం. ఫిర్యాదు ఏమైందో చెప్పకపోవడం ఆ భయాన్ని పెంచుతుంది. యూరోపియన్ యూనియన్ 2019 ఆదేశం ఏడు రోజుల్లో అందినట్టు తెలపాలని, మూడు నెలల్లో తీసుకున్న చర్యను వివరించాలని గడువులు పెట్టగా, మన 177వ సెక్షన్ అటువంటి గడువేదీ విధించలేదు.

కంపెనీ బయటి చిరునామాకు దారి చూపిన ఏర్పాటు ఒకటి షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019లో ఇన్‌సైడర్ ట్రేడింగ్ సమాచారం కోసం తెచ్చింది. సమాచారం ఇచ్చేవారు న్యాయవాది ద్వారా రాసి తమ పేరును గుప్తంగా ఉంచుకోవచ్చు. అది షేర్ల వ్యవహారానికే పరిమితం. మిగిలిన విషయాల్లో పెద్ద లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి తమ వార్షిక బాధ్యతా నివేదికలో ఏ వర్గం నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏడాది చివరికి ఎన్ని పెండింగులో ఉన్నాయో పట్టికగా ఇస్తున్నాయి. ఆ పట్టికలో ఫిర్యాదును విచారించింది ఎవరు, ఆ విచారణాధికారి ఎవరి కింద పనిచేస్తారు అన్న గడి లేదు.