చోర్ దర్వాజా వేరు, సౌదా వేరు



ఫోన్ గురించి ఏ ఖబర్ వచ్చినా మన ఇళ్లలో ముందు వినిపించే మాట "హ్యాక్ అయిందట, తీసెయ్యండి" అనే. కానీ తాళం సరిగ్గా పడకపోవడం వేరు, నమ్మి ఇచ్చిన తాళంచెవికి నకలు తీసి అమ్ముకోవడం వేరు. ఈ ఫర్క్‌ను అఖ్బార్లు చెప్పిన తీరు తెలియాలంటే ఇటీవలి తారీఖ్‌లో రెండు వాఖియాలు చూడాలి.

మొదటిది 2017 జనవరిలో జరిగింది. వాట్సాప్ అంతకు ముందు ఏడాదే సందేశాలన్నిటికీ పూర్తి గుప్తలిపి రక్షణ ఇచ్చింది. అందులో 'బ్యాక్‌డోర్', అంటే చోర్ దర్వాజా ఉందని బ్రిటన్ పత్రిక 'గార్డియన్' రాసింది. అసలు సంగతి ఏమిటంటే, అవతలివారు ఫోన్ మారిస్తే కొత్త తాళం తయారవుతుంది. అప్పటిదాకా చేరని సందేశాలను వాట్సాప్ ఆ కొత్త తాళంతో మళ్లీ మూసి పంపుతుంది, పంపినవారి ఇజాజత్ ముందుగా అడగదు. ఇందులో కొంత ఖత్రా ఉన్న మాట నిజమే. కానీ అది ఎవరో కావాలని దాచిపెట్టిన దర్వాజా కాదు. సందేశాలు పోకుండా చేసిన ఇంతెజామ్.

తుర్కియేలో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త జైనెప్ తుఫెక్చి ఆ పత్రికకు బహిరంగ లేఖ రాశారు. పదుల సంఖ్యలో భద్రతా నిపుణులు దానిపై సంతకాలు చేశారు. భయపడిన జనం వాట్సాప్ వదిలి ఎస్ఎంఎస్‌కు వెళ్తున్నారని, అది ఇంకా బలహీనమైన దారి అని వాళ్ల ఫిక్ర్. అదే ఏడాది జూన్‌లో పత్రిక తన రిపోర్టింగ్‌లో లోపం ఉందని ఒప్పుకుని కథనాన్ని సవరించింది. ఐదు నెలల్లో ఆ మొదటి మాట ఎంత దూరం పోయి ఉంటుందో ఊహించుకోండి.

రెండోది మనకు మరీ దగ్గరిది. 2020 నవంబర్‌లో 'మదర్‌బోర్డ్' అనే వార్తా సైట్ ఒక తహ్కీక్ ప్రచురించింది. నమాజ్ వేళలు, ఖిబ్లా దిశ చూపే 'ముస్లిం ప్రో' యాప్ నుంచి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు వెళ్తున్నాయని, ఆ సంస్థ ఖరీదుదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని అందులో తేలింది. సైన్యానికి తాము నేరుగా అమ్మలేదని యాప్ యాజమాన్యం చెప్పింది, ఎక్స్-మోడ్‌తో తాల్లుఖ్ తెంచుకుంది. తర్వాతి నెలలో ఆపిల్, గూగుల్ కూడా తమ స్టోర్లలోని యాప్‌లలో ఎక్స్-మోడ్ కోడ్ ఉండకూడదన్నాయి.

ఇక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఇజాజత్ మనమే ఇచ్చాం. అమానత్‌గా ఇచ్చింది సౌదాగా మారింది. ఈ వార్తను కూడా "హ్యాక్" అని చెప్పుకుంటే ఇలాజ్ తప్పుతుంది. హ్యాక్‌కు మందు యాప్ అప్‌డేట్ చేయడం. సౌదాకు అప్‌డేట్ పనిచేయదు, ఇచ్చిన ఇజాజత్ వెనక్కి తీసుకోవాలి.

సూరా హుజురాత్ ఆరో ఆయత్ ఖబర్ వస్తే తహ్కీక్ చేసుకోమంటుంది. పన్నెండో ఆయత్ తజస్సుస్‌ను, అంటే ఇతరుల గుట్టు వెతకడాన్ని మనా చేస్తుంది. రెండు హుకుములూ ఒకే సూరాలో ఉన్నాయి. కాబట్టి ఫార్వర్డ్ చేసే ముందు అడగండి: ఇది లోపమా, సౌదానా? సరిదిద్దారా? నేను చేయాల్సింది ఏమిటి?

నమాజ్ వేళలు తెలియడానికి కర్నూలు అనో వరంగల్ అనో ఊరి పేరు ఎంచుకుంటే చాలు. మన గల్లీ, మన గడప ఏ యాప్‌కూ జరూరత్ లేదు. ఈ రాత్రే అమ్మీ ఫోన్‌లో లొకేషన్ ఇజాజత్ ఎవరెవరికి ఉందో ఒకసారి చూడండి.