వియత్నాం: సార్స్ నుంచి కోవిడ్ దాకా

2003 ఫిబ్రవరి 26న హనోయిలోని ఫ్రెంచి ఆసుపత్రిలో తీవ్రమైన జ్వరంతో ఒక వ్యాపారి చేరాడు. ఇది మామూలు న్యుమోనియా కాదని గ్రహించి, ప్రపంచ ఆరోగ్య సంస్థను హెచ్చరించినవారు ఇటలీ వైద్యుడు కార్లో ఉర్బాని. ఆ సార్స్ వ్యాధికే మార్చి 29న ఆయన బలి అయ్యారు. వియత్నాం ప్రభుత్వం ఆయన మాట విన్నది, రోగులను వేరుచేసింది, విదేశీ నిపుణులను రానిచ్చింది. 63 మందికి సోకి ఐదుగురిని పొట్టనబెట్టుకున్న ఆ వ్యాధిని అదుపు చేసిన తొలి దేశంగా ఏప్రిల్ 28న గుర్తింపు పొందింది.

2020లో ఆ దేశం చూపిన వేగానికి మూలం ఈ అనుభవమే. జనవరి 23న తొలి కోవిడ్ రోగులు బయటపడ్డారు. ఫిబ్రవరి 1 నాటికి చైనాకు విమానాలు ఆగిపోయాయి. ఫిబ్రవరి 13న సుమారు పదివేల మంది నివసించే సోన్ లోయ్ గ్రామ ప్రాంతాన్ని మొత్తంగా దిగ్బంధించారు. రోగిని ఎఫ్0 అనీ, అతనిని కలిసినవారిని ఎఫ్1 అనీ, వారిని కలిసినవారిని ఎఫ్2 అనీ వర్గీకరించారు. ఎఫ్1 వర్గాన్ని సైనిక శిబిరాలకు, విద్యార్థి వసతి గృహాలకు తరలించారు. ఎఫ్2 వర్గం ఇంటికే పరిమితం. అందరికీ పరీక్షలు చేసే స్తోమత లేని దేశానికి ఇది తక్కువ ఖర్చుతో కూడిన మార్గం. (ఒక్క క్షయరోగి ఇంటిల్లిపాదినీ పరీక్షకు రప్పించడానికే ఎంత తంటాలు పడాలో మా వృత్తిలోనివారికి తెలుసు.) వ్యక్తిగత గోప్యత మాత్రం అక్కడ మిగలలేదు. తొలి మరణం జూలై 31న గాని సంభవించలేదు. తొమ్మిదిన్నర కోట్లకు పైబడిన జనాభాలో ఆ ఏడాది మరణించినవారు 35 మంది.

ఆ విజయమే టీకాల విషయంలో తొందర లేకుండా చేసిందని నా అభిప్రాయం. 2021 వేసవిలో డెల్టా రకం హో చి మిన్ నగరాన్ని చుట్టుముట్టేనాటికి రెండు మోతాదులూ పొందినవారు జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు. పదుల సంఖ్యలో రోగులున్నప్పుడు పనికివచ్చిన ఎఫ్1 పద్ధతి వేల సంఖ్యలో కుప్పకూలింది. కిక్కిరిసిన శిబిరాలలోనే వ్యాధి అంటుకున్నది. ఆగస్టు 23 నుంచి గడప దాటనివ్వని ఆంక్షలు విధించి, సైనికుల చేత ఇళ్లకు తిండిగింజలు పంపించారు. సంవత్సరాంతానికి దేశంలో మరణాలు 32 వేలు దాటాయి. సగానికి పైగా ఆ ఒక్క నగరంలోనివే. అక్టోబరులో ప్రభుత్వం వ్యాధిని పూర్తిగా తుడిచిపెట్టే లక్ష్యాన్ని వదులుకుని, టీకాలను వేగవంతం చేసింది.

పరీక్షా కిట్ల కొనుగోలులో లంచం పుచ్చుకున్నందుకు ఆనాటి ఆరోగ్యమంత్రి న్యుయెన్ థాన్ లాంగ్‌కు 2024 జనవరిలో 18 ఏళ్ల జైలుశిక్ష పడింది.