వేడిని చూడాలంటే ముందు పనిముట్టు చల్లబడాలి

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన ముచ్చటే ఇక్కడ రాస్తున్నా. డ్యూటీ వల్ల విననోళ్లు తీరిగ్గా చదువుకోండి.

మనిషి పేరు ఫ్రాంక్, ఇంటిపేరు లో. 1933లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టిండు. ఆకాశాన్ని చూసే పనిముట్టు తయారుచేసి పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త.

ఎండకు కాలిన ఇనుప రాడ్ వెలగదు, కానీ చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తది. ఆ సెగ కూడా ఒకరకం వెలుగే, కంటికి కనబడదు. దాన్నే ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ప్యానెల్ బోర్డులో లూజ్ కనెక్షన్ వెతికే థర్మల్ కెమెరా పట్టేది ఇదే. నక్షత్రాలు పుట్టే దుమ్ము మేఘాలు మాత్రం సున్నాకి 200 డిగ్రీల కంటే కిందే ఉంటాయి. వాటి నుంచి వచ్చే సెగ అలలు ఇంకా పొడుగు. వాటికి ఫార్ ఇన్‌ఫ్రారెడ్ అని పేరు.

దాన్ని పట్టడానికి రెండు అడ్డంకులు. గాలిలో తేమ ఆ సెగను మింగేస్తది. ఆగస్టు ఉక్కపోతలో పనిచేసే మనకు తేమ అంటే ఏందో చెప్పక్కర్లేదు. రెండోది, టెలిస్కోప్ కూడా వెచ్చగానే ఉంటది కాబట్టి అదీ సెగ కక్కుతది. మంట పక్కన నిలబడి మిణుగురు పురుగును వెతికినట్టు.

ఫ్రాంక్ 1959లో రైస్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ ముగించి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో చేరాడు. 1961లో గాలియం కొద్దిగా కలిపిన జెర్మేనియం ముక్కతో బోలోమీటర్ చేశాడు. నాలాగా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినోళ్లకు ఇది సులువు. రాగి తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతది, జెర్మేనియంలో ఉల్టా, తగ్గుతది. ఆ ముక్కను మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంతో చల్లబరిస్తే, పిసరంత సెగ తగిలినా రెసిస్టెన్స్ మారుతది. ఆ మార్పును కొలవడమే పని.

తర్వాత ఆయన అరిజోనా యూనివర్సిటీకి పోయాడు. 1967లో డగ్లస్ క్లైన్‌మన్‌తో కలిసి ఒరాయన్‌లో, అంటే మన మృగశిర వైపు, దుమ్ములో దాగిన ఒక మేఘాన్ని కనిపెట్టాడు. దానికి వాళ్లిద్దరి పేర్లే పెట్టారు. అదే ఏడు టూసాన్‌లో సొంత కంపెనీ పెట్టి, వేరే శాస్త్రవేత్తలకు కూడా ఈ పనిముట్లు చేసిచ్చాడు.

ఇక తేమ సంగతి. 30 సెంటీమీటర్ల టెలిస్కోప్‌ను చిన్న లియర్‌జెట్ విమానంలో బిగించి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లారు. గాలిలోని తేమ దాదాపు అంతా కిందే ఉండిపోతది. గురు, శని గ్రహాలు సూర్యుడి నుంచి తీసుకునే వేడి కంటే ఎక్కువ బయటికి వదులుతాయని ఆ కొలతల్లో తేలింది. 1969లో ఆ ఫలితం అచ్చయింది.

ఇదే పనిలో మన హైదరాబాద్ కూడా ఉంది. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి ఒక మీటర్ ఫార్ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌ను పెద్ద బెలూన్లకు కట్టి పైకి పంపేవాళ్లు. దారి వేరు, ఉపాయం అదే: తేమను కిందే వదిలేయడం.

1983లో ఐరాస్ ఉపగ్రహం ఫ్రాంక్ వంటి వాళ్ల శ్రమతో ఎగిరింది. హీలియం ఉన్నంతవరకే దాని పని, పది నెలల్లో అయిపోయింది. తర్వాతి టెలిస్కోప్‌కు బడ్జెట్ బాగా కోసేశారు. అప్పుడు ఫ్రాంక్ ఒక మాట చెప్పాడు: టెలిస్కోప్‌ను హీలియం ట్యాంకులో పెట్టి ఎందుకు పంపాలి? వెచ్చగానే పంపండి, అంతరిక్షంలో ఎటూ చలే, దానంతటదే చాలావరకు చల్లబడతది. ట్యాంకు చిన్నదైంది, బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది. 2003లో ఎగిరిన ఆ స్పిట్జర్ టెలిస్కోప్‌కు 360 లీటర్ల హీలియం ఐదేళ్లు దాటి వచ్చింది.

2009 మే నెలలో ఆ హీలియం అయిపోయింది. జూన్‌లో ఫ్రాంక్ పోయారు.

మీ ఊళ్లో ఎప్పుడైనా ఆ హైదరాబాద్ బెలూన్ చూసినవాళ్లుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి అన్నా, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.