ఇల్మ్ ఉంది, బయాన్ కుదరలేదు: లాంచెస్టర్ కథ

శంషాబాద్ నుంచి జెద్దాకో దుబాయ్‌కో ఫ్లైటెక్కినప్పుడు కిటికీలోంచి రెక్క చివర చూడండి. చాలా విమానాలకు అది పైకి వంగి ఉంటుంది. ఎందుకలా? ఆ సవాలుకు జవాబు వెతుక్కుంటూ పోతే ఒక అంగ్రేజు ఇంజనీర్ దగ్గర ఆగుతాం. పేరు ఫ్రెడరిక్ లాంచెస్టర్. 1868లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఆర్కిటెక్ట్. కొడుకు కాలేజీలో చదివాడు గానీ డిగ్రీ లేకుండానే బయటికొచ్చి, బర్మింగ్‌హామ్‌లో గ్యాస్ ఇంజన్ల కార్ఖానాలో చేరాడు.

1895లో సొంతంగా పెట్రోల్ కారు తయారుచేశాడు. ఆ జమానాలో చాలామంది గుర్రబ్బండికి ఇంజన్ తగిలించి కారు అనేవారు. లాంచెస్టర్ అలా చేయలేదు. కారును కారుగానే సోచాయించాడు. ఇంజన్ వణుకు తగ్గాలని ఒకే పిస్టన్‌కు ఎదురెదురుగా తిరిగే రెండు క్రాంక్ షాఫ్టులు పెట్టాడు. ఒకదాని వణుకును రెండోది మింగేస్తుంది. 1902లో డిస్క్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. మామూలు కార్లలోకి అది రావడానికి యాభై ఏళ్లు పట్టింది. ఈలోగా 1904లో ఆయన కంపెనీ అప్పుల్లో చిక్కి రిసీవర్ చేతికి పోయింది.

అసలు ఇష్క్ మాత్రం ఆకాశంతోనే. రైట్ సోదరులు ఎగరడానికి తొమ్మిదేళ్ల ముందే, 1894లో, బర్మింగ్‌హామ్‌లో ఒక సభలో ఎగరడం గురించి తన ఖయాల్ వినిపించాడు. రెక్క చుట్టూ గాలి సుడిలా తిరుగుతుందని, పైన వేగంగా, కింద నెమ్మదిగా పోతుందని, ఆ ఫరక్ వల్లే రెక్క లేస్తుందని ఆయన సమఝ్. రెక్క చివర కింది గాలి పైకి ఎగబాకి సుడులవుతుంది, అక్కడ తాఖత్ వృథా అవుతుంది. చివర వంచేది ఆ నష్టం తగ్గించడానికే.

1897లో ఈ మజ్మూన్‌ను లండన్ ఫిజికల్ సొసైటీకి పంపితే తిప్పి పంపారు. పదేళ్లు సబర్ చేసి, 1907లో, 1908లో రెండు పెద్ద కితాబులు అచ్చువేశాడు. చదివినవాళ్లకు అర్థం కావడం ముష్కిల్ అయింది. లెక్కలు తక్కువ, సొంతంగా పుట్టించిన లఫ్జులు ఎక్కువ. జర్మనీలో ప్రొఫెసర్ ప్రాంట్ల్ ఇదే దారిలో నడిచి, పక్కా గణితంలో చెప్పాడు. దునియా ఆయన్ని విన్నది.

1916లో లాంచెస్టర్ ఇంకో కితాబ్ రాశాడు. తుపాకులతో, విమానాలతో జరిగే జంగ్‌లో బలగం రెండింతలైతే తాఖత్ నాలుగింతలవుతుందని అందులో లెక్క. ఫౌజీ చదువుల్లో ఆ సూత్రం నేటికీ ఉంది. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చింది. ఇజ్జత్ దక్కింది, దౌలత్ దక్కలేదు. చివరి రోజులు బీమారీతో, తంగీతో గడిచాయి. 1946లో బర్మింగ్‌హామ్‌లోనే కన్నుమూశాడు.

అఫ్సోస్ ఆయన గరీబీ ఒక్కటే కాదు. ఇల్మ్ సంపాదించడం సగం మెహనత్, ఎదుటివాడికి అర్థమయ్యేలా బయాన్ చేయడం మిగతా సగం. మన ఇంట్లో పిల్లవాడు విప్పిన ఫ్యాన్ ముందు కూర్చుని తనకే తెలిసిన మాటల్లో ఏదో చెబుతుంటే, విసుక్కోకుండా ఇంకోసారి చెప్పించుకుని వినండి. చెప్పడం కూడా వాడికి అక్కడే అలవాటవుతుంది.