తెగ పేరే నేరం, తెగ పేరే హక్కు

1871లో బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చిండ్రు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటులో ఎరుకలోళ్లను పెట్టి హాజరు తీసుకున్నరు. దొంగతనం చేసినోడు, చెయ్యనోడు అన్న తేడా లేదు, పుట్టిన తెగే సాక్ష్యం. 1952లో ఆ చట్టం పోయింది. అనుమానం పోయిందా? పటాన్‌చెరులో నైట్ షిఫ్టు చేసి వస్తుంటే మనల్ని ఆపినోళ్లు ముందు అడిగేది తండా పేరే.

1987 న్యాయ సేవల చట్టం, 12వ సెక్షన్ మాత్రం తిరగేసి రాసింది: ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పనిలేదు, ముద్దాయికి కూడా ఉచితంగా లాయర్. అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, అక్కడే అడగొచ్చు. ఫోన్ నంబరు 15100. కుల సర్టిఫికెట్ ఫొటో తీసి పెట్టుకోండి. ఇన్నాళ్లు మేం దాన్ని స్కాలర్‌షిప్ కోసమే దాచుకున్నం.