మనోవర్తిలో రాత్రుల లెక్క

బ్రిటన్‌లో విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నాలుగు అంకెలు తరచూ నలుగుతుంటాయి: 52, 104, 156, 175. ఇవి రాత్రుల లెక్కలు. పిల్లవాడు ఏడాదిలో ఎన్ని రాత్రులు మనోవర్తి కట్టే తండ్రి (కొన్నిసార్లు తల్లి) ఇంట్లో పడుకుంటే ఆ మనోవర్తి ఎంత తగ్గాలో ఇవే తేలుస్తాయి. పసివాడి నిద్ర ఖాతా పుస్తకంలోకి ఎక్కడానికి అక్కడ నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

మొదట్లో ఈ లెక్కతో పనే లేదు, ఎందుకంటే పిల్లలు తండ్రి సొత్తు. రచయిత్రి కరోలిన్ నార్టన్ 1836లో భర్త నుంచి విడిపోయినప్పుడు ఆయన ముగ్గురు కొడుకులనూ తన అధీనంలోకి తీసుకున్నాడు. ఆమె రాతల మీద వచ్చే డబ్బు కూడా చట్టం దృష్టిలో భర్తదే. కరోలిన్ ఊరుకోలేదు. కరపత్రాలు రాసింది, పార్లమెంటు సభ్యుడు థామస్ టాల్‌ఫర్డ్‌ను కలుపుకుంది. ఫలితంగా 1839లో పిల్లల కస్టడీ చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలను తన దగ్గర ఉంచుకోవడానికి, అంతకన్నా పెద్దవాళ్లను చూసిరావడానికి తల్లి కోర్టును అడగవచ్చు. వ్యభిచారం రుజువైన తల్లికి ఆ హక్కు లేదు.

ఇంత చేసిన కరోలిన్‌కే ఆ చట్టం అక్కరకు రాలేదు. భర్త పిల్లలను స్కాట్లండ్‌కు పంపేశాడు, ఇంగ్లండ్ చట్టం అక్కడ చెల్లదు. 1842లో చిన్న కొడుకు విలియం గుర్రం మీంచి పడ్డాడు, గాయం విషమించింది. కబురు అంది ఆమె వెళ్లేసరికి పిల్లవాడి ప్రాణం పోయింది.

అదే కాలంలో పేదింటి కథ పూర్తిగా తలకిందులు. 1834 నాటి పేదల చట్టం పెళ్లికాని తల్లి బిడ్డను పోషించే బాధ్యతంతా ఆ తల్లి నెత్తినే పెట్టింది. తండ్రి మీద నేరుగా ఫిర్యాదు చేసే దారి ఆమెకు 1844లో గానీ తెరుచుకోలేదు. అప్పుడు కూడా మొదటి ఆరు వారాలు దాటితే వారానికి రెండున్నర షిల్లింగులకు మించి ఇప్పించడానికి లేదు. కలిగినవాళ్ల ఇంట్లో హక్కంతా తండ్రిది, లేనివాళ్ల ఇంట్లో బరువంతా తల్లిది. బిడ్డకు ఏది మంచిదన్న ప్రశ్న రెండు చోట్లా లేదు. బిడ్డ క్షేమానికే మొదటి స్థానమని చట్టంలో రాయడానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత చాలాకాలం మనోవర్తి ఎంతో కోర్టులే తేల్చేవి. ఒక్కో న్యాయమూర్తిది ఒక్కో కొలత. తేల్చినా వసూలయ్యేది తక్కువ. 1990లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చే నాటికి క్రమం తప్పకుండా డబ్బు అందుతున్న ఒంటరి తల్లులు నూటికి 30 మందే. అందుకని 1991లో చట్టం చేసి, 1993 ఏప్రిల్‌లో చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీని తెరిచారు. న్యాయమూర్తి విచక్షణ పోయి సూత్రం వచ్చింది. ఉద్దేశం మంచిదే, సూత్రం మాత్రం చిక్కుముడి. ఒక్క కేసు తేల్చడానికి వందకు పైగా వివరాలు కావాలి. విడిపోయేటప్పుడు ఇల్లు భార్యకు రాసిచ్చి, ఇక బాకీ తీరిందనుకున్న తండ్రులకు కూడా కొత్త నోటీసులు వెళ్లాయి. వీధుల్లో నిరసనలు జరిగాయి. ఏజెన్సీ మొదటి అధిపతి రాస్ హెపుల్‌వైట్ 1994లోనే రాజీనామా చేశారు.

రాత్రులు లెక్కలోకి వచ్చింది ఈ సూత్రంతోనే. అయితే ఏడాదికి కనీసం 104 రాత్రులు, అంటే వారానికి రెండు, ఉంచుకుంటేనే తగ్గింపు. ప్రతి శనివారం రాత్రీ కొడుకును తెచ్చుకుని, వాడి కోసం మంచం వేసి, పొద్దున్నే టిఫిన్ పెట్టి పంపే తండ్రికి దక్కింది సున్నా. ఆ తండ్రుల బాధ న్యాయమైనదే. 2003 మార్చిలో వచ్చిన కొత్త పద్ధతి దానికి జవాబిచ్చింది. వారానికి ఏడు రాత్రులు కాబట్టి ఒక రాత్రికి ఏడో వంతు తగ్గింపు. గీత 52కు దిగింది.

2012 నుంచి పన్నుకు ముందు ఆదాయం మీద లెక్క కడుతున్నారు. వారానికి 700 పౌండ్ల ఆదాయం ఉండి, ఒకే బిడ్డ ఉన్న తండ్రినే తీసుకుందాం. 12 శాతం చొప్పున ఆయన కట్టాల్సింది 84 పౌండ్లు. 52 రాత్రులకు అది 72 అవుతుంది, 104కు 60, 156కు 48. 175కు చేరితే సగానికి సగం తగ్గి, ఇంకో 7 పౌండ్లు పోయి 35 మిగులుతుంది. ఇప్పుడు 51కీ 52కీ మధ్య తేడా చూడండి. ఆ ఒక్క రాత్రి ఏడాదికి 624 పౌండ్లు. తల్లికి అది బిడ్డ చలికోటు, బూట్లు, బడి ఖర్చు. తండ్రికి రెండో పడకగది అద్దెలో ఒక ముక్క. ఇద్దరికీ అవసరమే కాబట్టి ఇద్దరూ పట్టుబడతారు.

అసలు లోపం కొలతలోనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి బడి నుంచి తీసుకొచ్చి, హోంవర్క్ చేయించి, అన్నం తినిపించి ఎనిమిదింటికి దింపి వచ్చే తండ్రి పద్దులో ఏమీ పడదు. తొమ్మిదింటికి నిద్రమత్తులో ఉన్న బిడ్డను తెచ్చుకుని పొద్దున్న ఏడింటికి దింపేసిన తండ్రికి ఒక రాత్రి జమ. బిడ్డ ఎక్కడ ఉండాలో కోర్టు చూస్తుంది, డబ్బు సంగతి ప్రభుత్వ సంస్థ చూస్తుంది. చట్టం ఈ రెంటినీ వేరుగానే ఉంచింది. మంచం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ కలిసిపోయాయి. పొరపాటు జరిగింది అక్కడే.

మన దేశంలో రాత్రుల పట్టిక లేదు. 1973 నేర ప్రక్రియా స్మృతి 125వ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించడానికి వీల్లేదన్న పరిమితి 2001 దాకా ఉండేది. ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయ వివరాలను ప్రమాణపత్రంలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లో రజనీష్–నేహా కేసులో చెప్పింది. ఇక్కడి నుంచి వెళ్లి బ్రిటన్‌లో డాక్టర్లుగా, ఐటీ ఉద్యోగులుగా స్థిరపడిన తెలుగు దంపతులు అక్కడ విడిపోతే, ఈ 52, 104 అంకెలే వాళ్ల ఇంటి తలుపు తడతాయి.

అలాంటి ఇళ్లవాళ్లకు ఒక్క మనవి. బిడ్డ బడి, స్నేహితులు, నిద్రవేళ చూసుకుని ముందు రాత్రులు నిర్ణయించుకోండి. డబ్బు లెక్క ఇంకో రోజు, ఇంకో కాగితం మీద వేసుకోండి. ఇద్దరూ మాట్లాడుకుని కుదుర్చుకున్న ఒప్పందానికి అక్కడ ఏ ఏజెన్సీ అనుమతీ అక్కర్లేదు.